ఆదిమానవుని ఆహారము – నేటి రైతు ఆరోగ్యము

“మా తాతలు కొర్రన్నము, ఉలవ గుగ్గిళ్ళు తిని రాళ్ళనైనను అరిగించుకొనిరి. మాకు సన్నబియ్యపు అన్నము కూడ అరుగుట లేదు” అను మాట రచ్చబండ దగ్గర మీరు వినియే యుందురు. వెనుకటివారి తిండి తిన్నచో వెనుకటివారి బలము వచ్చునను నమ్మకము మన పల్లెలలోనే కాదు, పట్టణములలోను, విదేశములలోను కూడ నేడు ప్రబలుచున్నది. కొందరు ఇంకను వెనుకకు పోయి, తాతలు కాదు, వ్యవసాయము ఎరుగని రాతియుగపు మనుష్యులు తినిన తిండియే మనకు మేలని చెప్పుచున్నారు. ఈ మాటలో నిజమెంత? రైతు దీని నుండి నేర్చుకొనదగినది ఏమైన కలదా? ఈ వ్యాసములో వీనిని విచారింతము.

ఇది వేడుక కొరకు విచారించు విషయము కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతట జరిపిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశములో 10 కోట్ల మందికి పైగా మధుమేహముతో బాధపడుచున్నారు. ఈ వ్యాధి పట్టణముల వారిదేనని మనము అనుకొనుట వాడుక. కాని ఆ సర్వేలో ఒక విషయము మనలను మేల్కొలుపవలెను. మధుమేహము ఇంకను రాక, వచ్చుటకు సిద్ధముగా ఉన్నవారు పట్టణములలో నూటికి 15.4 మంది కాగా, పల్లెలలో నూటికి 15.2 మంది కలరు. అనగా గుమ్మము దాకా వచ్చిన వ్యాధికి పల్లె, పట్టణము అను భేదము లేదు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చెను, రోకలి పోయి మర వచ్చెను. శరీరమునకు శ్రమ తగ్గెను. కంచములోని తెల్లన్నపు రాశి మాత్రము తగ్గలేదు.

రాతియుగపు తిండి అనగా నేమి?

1985లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమునకు చెందిన బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక వైద్య పత్రికలో వ్యాసము ప్రకటించిరి. మానవుడు లక్షల సంవత్సరములు వేటాడి, దుంపలు త్రవ్వి, కాయలు ఏరుకొని బ్రతికెననియు, సేద్యము నేర్చి సుమారు 10,000 సంవత్సరములే అయినదనియు, అందుచేత మన దేహము పాత తిండికే అలవాటుపడి ఉన్నదనియు వారి వాదము. 2002లో లోరెన్ కార్డెయిన్ అను ఆచార్యుడు ఈ విషయముపై ఒక గ్రంథము వ్రాయగా, ఈ పద్ధతి ‘పేలియో ఆహారము’ అను పేరుతో ప్రచారములోనికి వచ్చెను. మాంసము, చేపలు, గ్రుడ్లు, కూరగాయలు, పండ్లు, గింజలు తినవలెననియు, ధాన్యములు, పప్పులు, పాలు, చక్కెర పూర్తిగా మానవలెననియు ఈ పద్ధతి వారు చెప్పుదురు.

ఇందులో మంచి లేకపోలేదు. చక్కెర, మైదా, పొట్లములలో వచ్చు చిరుతిండ్లు మాని, కూరగాయలు హెచ్చుగా తిని, రోజూ నడచినవాడు ఏ యుగము పేరు చెప్పుకొన్నను బాగుపడును. కాని ధాన్యము, పప్పు మనిషికి పడవనుట సరికాదు. ఇజ్రాయెల్ దేశములో గలిలయ సరస్సు ఒడ్డున ఒహాలో అను చోట సుమారు 23,000 సంవత్సరముల క్రిందటి గుడిసెలు బయటపడినవి. ఆ గుడిసెలవారు సేద్యము ఎరుగరు. అయినను అడవి బార్లీ, అడవి గోధుమ గింజలు ఏరి తెచ్చుకొని రాతి మీద నూరుకొనిరి. కనుక గడ్డిగింజలు తినుట సేద్యము కంటె ఎంతో పాత అలవాటు.

మరియొక సంగతి కూడ మరువరాదు. ఆదిమానవులందరు నూరేండ్లు బ్రతికిరనుట కల్ల. పసితనములోనే చనిపోయినవారు చాలమంది. గాయములు, అంటురోగములు, కరవులు వారిని వెంటాడుచుండెడివి. వారి జీవితము మనకు కావలసినది కాదు. వారి తిండిలోని మేలు మాత్రమే మనకు కావలెను.

మన గడ్డపై ఆదిమానవుడు

ఆదిమానవుడు ఎక్కడనో పరదేశములో ఉండెనని తలపవలదు. నంద్యాల జిల్లాలోని జ్వాలాపురము వద్ద భూమిలో తెల్లని బూడిద పొర ఒకటి కలదు. ఇది సుమారు 74,000 సంవత్సరముల క్రితము సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతము ప్రేలినప్పుడు గాలిలో ఎగసివచ్చి పడిన బూడిద. ఆ పొరకు క్రిందను, పైనను కూడ మనుష్యులు చెక్కిన రాతి పనిముట్లు దొరికినవి. బేతంచెర్ల సమీపమున గల బిల్లసుర్గము గుహలను రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఆయన కుమారుడు 1880 దశాబ్దములో త్రవ్వించగా అనేక జంతువుల ఎముకలు బయటపడినవి. వేట, దుంప, పండు, తేనె అను నాలుగింటి మీద ఈ ప్రాంతములో మనుష్యులు వేల తరములు గడిపిరి.

నల్లమల చెంచులు ఇటీవలి కాలము వరకు దుంపలు, ఆకులు, పండ్లు, తేనె ముఖ్యాహారముగా జీవించిరి. హైమెండార్ఫ్ అను పరిశోధకుడు వారిని గూర్చి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడెను. చెంచులు రాతియుగపు మనుష్యులు కారు, మనవలె ఈ కాలపువారే. అయినను అడవిలో ఏ మాసమున ఏది తినవచ్చునో వారు ఎరిగినంతగా మనము ఎరుగము.

బూడిద గుట్టలవారి వంట

రైతునకు అన్నిటికంటె దగ్గరివారు ఈ గడ్డపై మొట్టమొదట సేద్యము చేసినవారు. కర్ణాటకలోని రాయచూరు, బళ్ళారి ప్రాంతములు, పాత మహబూబ్‌నగర్, అనంతపురము జిల్లాలలో అక్కడక్కడ బూడిద గుట్టలు కానవచ్చును. ఇవి రాక్షసులను దహనము చేసిన చోట్లని ప్రజలు చెప్పుకొనుట కలదు. హంపి సమీపములోని నింబాపురము గుట్టను వాలిని దహనము చేసిన బూడిద అందురు. 1957లో ఆల్చిన్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు వద్ద ఇట్టి గుట్టను త్రవ్వి చూడగా, అది తగులబడిన పశువుల పేడ అని తేలెను. ఆ బూడిదలో పశువుల గిట్టల ముద్రలు కూడ కనబడినవి. నేటికి నాలుగైదు వేల సంవత్సరముల క్రితము ఇక్కడ మందలు కట్టివేసిన పశుపాలకులు, తొలి కర్షకులు వారు.

వారు ఏమి తినిరో ఎట్లు తెలిసెను? మీరు బియ్యము కడుగునప్పుడు తాలు పైకి తేలును గదా! శాస్త్రజ్ఞులును అదే ఉపాయము పన్నిరి. పాత ఊరిదిబ్బల మట్టిని నీటిలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలను వడగట్టి, భూతద్దముతో పరీక్షించిరి. బళ్ళారి దగ్గరి సంగనకల్లు, టెక్కలకోట, కడప జిల్లాలోని పెద్దముడియము, హనుమంతరావుపేట మొదలైన చోట్ల మట్టిని పరీక్షించి డోరియన్ ఫుల్లర్, రవి కోరిసెట్టర్ మొదలగువారు 2004లో ఫలితములు ప్రకటించిరి. ఈ దిబ్బలలో మరల మరల కనబడిన గింజలు నాలుగు. అండుకొర్ర ఒకటి. కొర్రకు దగ్గర చుట్టమై, బట్టలకు అంటుకొను వెన్ను గల ఒక గడ్డి రెండవది. దీనిని నేడు మనము కలుపుగా పీకివేయుచున్నాము. ఉలవ మూడవది, పెసర నాలుగవది. వీనితోపాటు రేగు గింజలు, దుంపల మాడిన ముక్కలు, పశువుల, గొర్రెల, మేకల ఎముకలు కూడ త్రవ్వకములలో దొరికినవి.

ఈ జాబితాను నిదానముగ చూడుడు. రెండు గడ్డిధాన్యములు, రెండు పప్పుధాన్యములు. ధాన్యము పప్పుతో జతపడి యున్నది. ఒకదాని లోటు మరియొకటి తీర్చునని నేటి ఆహారశాస్త్రము చెప్పు మాటను ఆ తొలి రైతులు అనుభవము చేతనే గ్రహించిరి. మనము నేర్చుకొనవలసిన మొదటి పాఠము ఈ జతయే.

పాతది ఏది, క్రొత్తది ఏది?

‘పాత పంట’ అను మాటను గూర్చి కూడ కొంచెము ఆలోచింపవలెను. జొన్న, సజ్జ, రాగి మన ప్రాచీన పంటలే అయినను, వీని పుట్టిల్లు ఆఫ్రికా. వేల సంవత్సరముల క్రితమే అవి మన దేశము చేరినవి. కొర్ర మొదట సాగైనది చైనాలో. మిరప, టమాటా, వేరుశనగ, మొక్కజొన్న, బంగాళదుంప, బొప్పాయి అమెరికా ఖండము నుండి 1498 తరువాత పోర్చుగీసువారి కాలములో వచ్చినవి. కనుక మన పచ్చళ్ళలోని కారము కూడ ఐదు వందల ఏండ్ల క్రొత్తదే! పరదేశపుదగుట తప్పు కాదు, పాతదగుటయే గొప్ప కాదు. దేహమునకు ఏది మేలు, మన నేలకు, మన వానకు ఏది తగును అని చూచుటయే బుద్ధిమంతుల పని.

తెల్లదనము తెచ్చిన చేటు

ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి ప్రబలముగ నుండెను. కాళ్ళు తిమ్మిరులెక్కి, వాచి, గుండె బలహీనపడి మనుష్యులు మరణించుచుండిరి. ఈ వ్యాధిని పరిశోధించుటకు 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న శాఖను నెలకొల్పెను. ఆ శాఖయే పెరిగి 1958లో హైదరాబాదుకు మారి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. మరలో బాగుగ తెల్లపరచిన బియ్యమున తవుడుతో పాటు బి1 విటమిను పోవుటయే బెరిబెరికి కారణము. దంపుడు బియ్యము తినువారికి ఆ బాధ లేదు.

బెరిబెరి నేడు చాలవరకు పోయినది. కాని తెల్లదనము మీద మోజు పోలేదు. మెట్ట ప్రాంతములలో జొన్న, కొర్ర, సజ్జ, రాగి నిత్యాహారముగను, వరి అన్నము పండుగ భోజనముగను ఉండెడివి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చి ఎందరో బీదల ఆకలి తీర్చెను. ఆ మేలును ఎవరును కాదనరాదు. అయితే పండుగ అన్నము నిత్యాన్నమగుటతో కొర్రన్నము ‘లేనివాని కూడు’ అను చిన్నచూపు బలపడెను. అనంతపురము వంటి జిల్లాలలో చిరుధాన్యములు, ఉలవలు పండిన చేలను వేరుశనగ ఆక్రమించెను. కంచములోనుండి పోయిన గింజ చేనిలోనుండియు పోవును. చేనిలోనుండి పోయిన దాని విత్తనము కూడ కొంత కాలమునకు ఊరిలో దొరకదు.

బియ్యము మాని కొర్రలు తిన్న చాలునా?

ఇచ్చట ఒక పొరపాటును సవరించుకొనవలెను. “బియ్యమునకు బదులు చిరుధాన్యములు తినుచున్నాను, ఇక నాకు భయము లేదు” అని కొందరు అదే కొలతలో, లేక ఇంకను ఎక్కువగా కొర్రన్నము తినుచున్నారు. ఇది సరియైన పద్ధతి కాదు. మధుమేహముపై సర్వే చేసినవారే 2025లో ఆహారమును గూర్చి మరికొన్ని ఫలితములు ప్రకటించిరి. మన దేశస్థుడు తినుతిండి నుండి పొందు శక్తిలో 100కి 62 పాళ్ళు పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నవి. ఒక ధాన్యము మాని మరియొక ధాన్యము పట్టినంత మాత్రమున ఫలము తక్కువ. మొత్తము పిండిపదార్థమును కొంత తగ్గించి, ఆ స్థానములో పప్పులు, పాలు, పెరుగు వంటి మాంసకృత్తులు గల ఆహారము చేర్చుకొన్నచో మధుమేహపు ముప్పు తగ్గునని వారి సారాంశము.

బూడిద గుట్టలవారి జత మనకిక్కడ పనికివచ్చును. ధాన్యపు రాశి తగ్గించి ప్రక్కన పప్పుగింజ పెంచవలెను. ఉలవలు 100 గ్రాములలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు, తగినంత పీచు, ఇనుము, సున్నము కలవు. ఇట్టి గింజను మనము ఎడ్లకు పెట్టి, దాని ఉడుకు నీటితో చారు కాచుకొని సంతోషించుచున్నాము. ఉలవచారు రుచికి సాటి లేదు గాని, బలమంతయు గింజలోనే మిగిలి ఎద్దు కడుపులోనికి పోవుచున్నది. ఎద్దునకు పెట్టవలదని కాదు. ఒక గుప్పెడు గుగ్గిళ్ళు మీ పిల్లల చేతిలో కూడ పెట్టుడు.

కంచములో చేయవలసిన మార్పులు

2000 కాలరీల శక్తి కావలసిన పెద్దవారికి రోజుకు వండని కొలతలో ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలు, కూరగాయలు, దుంపలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మి.లీ. ఉండవలెనని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించెను. వీనికి తోడు కొంచెము నూనె, కొన్ని నూనెగింజలు కావలెను. పొలములో రోజంతయు కష్టించువారికి ఎక్కువ కావలెను. అయినను పాళ్ళు ఇవియే. మీ ఇంట ఒక రోజు బియ్యము, పప్పు విడివిడిగా తూచి చూడుడు. బియ్యము రెట్టింపు, పప్పు సగము ఉన్నచో ఆశ్చర్యపడవలదు.

ఈ మార్పులను ఒక్కనాడే కాక, క్రమముగ ఈ విధముగా చేయవచ్చును.

1. మొదట రోజుకు ఒక పూట మాత్రము వరి అన్నమునకు బదులు కొర్ర, అండుకొర్ర, సామ, జొన్న, రాగి వీనిలో ఏదో ఒకటి వండుడు. అండుకొర్రలను కొన్ని గంటలు నానబెట్టి వండినచో మెత్తగా ఉడుకును. ఒకే ధాన్యమును పట్టుకొనక మార్చి మార్చి తినుడు.

2. ఆ పూట అన్నము నాలుగవ వంతు తగ్గించి, ఉలవ, పెసర, అలసంద, అనుములలో ఏదో ఒక గింజ కూర చేర్చుడు. రాత్రి నానబెట్టి మొలకెత్తించిన ఉలవలు త్వరగా ఉడుకును, తేలికగా అరుగును.

3. చేలగట్ల మీద పెరుగు పొన్నగంటి, గలిజేరు, తుమ్మి, చెంచలి వంటి ఆకులను మీ ఇంటి పెద్దలను అడిగి గుర్తించి వండుకొనుడు. పురుగుమందు చల్లిన చేలనుండి మాత్రము కోయరాదు.

4. చిరుధాన్యపు బియ్యమును తెల్లగా మెరయునట్లు మరపట్టింపవలదు. పై పొట్టు పోయిన చాలును. లేనిచో వరి బియ్యమునకు జరిగినదే దీనికిని జరుగును.

5. టీలో చక్కెర, సీసాలలోని తీపి పానీయములు, పిల్లలు కొనుక్కొను పొట్లముల తిండి తగ్గింపుడు. రాతియుగపువాడు తేనెపట్టు దొరికిన నాడే తీపి తినెను.

6. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదు.

7. మాంసము, చేపలు, గ్రుడ్లు తినువారు వానిని నూనెలో వేపక కూరగా వండుకొనుడు. తిననివారు పప్పు, పెరుగు తగ్గకుండ చూచుకొనిన చాలును.

8. ట్రాక్టరుతో దున్నించినను, పొలమునకు నడచియే పొండు. పాతవారి తిండి పాతవారి నడకతో కలిసినప్పుడే పూర్తి ఫలమిచ్చును.

అర ఎకరము చాలును

“ఇవన్నియు అంగడిలో కొనవలెనన్న మా వల్ల అగునా?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. చిరుధాన్యపు బియ్యము పట్టణములలో సన్నబియ్యము కంటె హెచ్చు ధర పలుకుచున్నది. రైతునకు గల ఉపాయము పండించుకొనుటయే. లెక్క చూతము.

ఒక్కొక్కరికి రోజుకు 85 గ్రాముల పప్పు చొప్పున నలుగురు పెద్దలు గల కుటుంబమునకు ఏడాదికి సుమారు 124 కిలోలు కావలెను. వర్షాధారముగా ఉలవ ఎకరమునకు రెండు మూడు క్వింటాళ్ళు పండినను, అర ఎకరములో 100 నుండి 150 కిలోలు చేతికివచ్చును. అదే అర ఎకరములో ఉలవకు ముందు కొర్ర పండించుకొనవచ్చును. ఒకే నేల ధాన్యమును, పప్పును ఒకదాని వెంట ఒకటి ఇచ్చును.

తొలకరి వానలకు జూన్, జూలై నెలలలో కొర్ర విత్తవలెను. ఎకరమునకు 2 కిలోల విత్తనము చాలును. వరుసల మధ్య సుమారు 25 సెంటీమీటర్ల ఎడమ ఉంచవలెను. నంద్యాల పరిశోధన స్థానము నుండి వెలువడిన సూర్యనంది రకము రమారమి 75 రోజులలోనే కోతకు వచ్చును. కొర్ర కోసిన వెంటనే పదును పోకముందే దున్ని, సెప్టెంబరులో ఉలవ వేయవలెను. ఎకరమునకు 8 నుండి 10 కిలోల విత్తనము, వరుసల మధ్య 30 సెంటీమీటర్లు. ఉలవ వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలము చేకూర్చును. వెనుకవాన తప్పినచో దిగుబడి తగ్గును. అయినను పశువులకు మేతయైనను దక్కును. చెట్లనీడ పడు చోట్ల, తోటల నడుమ అండుకొర్ర వేసి చూడవచ్చును. నీడకు అది కొంతవరకు ఓర్చుకొనును.

పంటను బాగుగ ఎండబెట్టి, తేమ తగులని చోట నిలువచేయవలెను. ఉలవలకు పుచ్చు పట్టకుండ బూడిద కలిపి గాదెలో పోయుట మన పెద్దల వాడుక. తినుటకు వాడకముందు బాగుగ కడుగవలెను. విత్తనమునకు మంచి వెన్నులను ముందుగానే ఎంచి వేరుగా ఉంచుకొనుడు.

జాగ్రత్తలు

ఎంత మంచి ఆహారమైనను తెలియక తిన్నచో కీడు చేయును. మధుమేహమునకు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారు అన్నము ఒక్కసారిగ తగ్గించినచో రక్తములో చక్కెర పడిపోయి ప్రమాదము కలుగవచ్చును. వైద్యుని అడిగియే మార్పు చేయవలెను, మందులు తమంతట తాము మానరాదు. మూత్రపిండముల జబ్బు గలవారు పప్పులు ఎంత తినవలెనో వైద్యుడే చెప్పవలెను. పసిపిల్లలకు, గర్భిణులకు ఏ నియమము పేరుతోను పాలు, పప్పు, గ్రుడ్లు మాన్పింపరాదు.

తెలియని అడవి దుంపలు, పుట్టగొడుగులు తినరాదు. కొన్ని అడవి దుంపలను కోసి, కడిగి, పలుమార్లు ఉడికించిన గాని వాని విషము పోదు. తడిసి బూజుపట్టిన అరికలు మనుష్యులకు గాని, పశువులకు గాని పెట్టరాదు. 2024 అక్టోబరు చివరలో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో బూజు విషము చేరిన అరిక పంట మేసి 10 ఏనుగులు మరణించినవి. ఏనుగు అంతటి జంతువునే పడగొట్టిన విషము మనలను వదలునా? అరిక మంచి ధాన్యమే. దోషము బూజుది. కోతకాలమున వాన తగిలిన పంటను వేరుచేసి పారవేయుట నష్టము కాదు.

గ్రామాధికారులకు ఒక మాట

ఈ పనిలో ఒంటరి రైతుకు రెండు అడ్డంకులు కలవు. విత్తనము దొరకకపోవుట ఒకటి, పొట్టు తీయుట కష్టమగుట రెండవది. అండుకొర్ర వంటి గింజ పొట్టు గట్టిది. రోట దంచుటకు నేడు ఇంటి ఆడవారికి తీరిక లేదు, వారిపై ఆ భారము మరల వేయుట న్యాయమును కాదు. కనుక పొట్టు తీయు చిన్న మర ఊరికి ఒకటి, లేక నాలుగు ఊళ్ళకు కలిపి ఒకటి మహిళా సంఘము ద్వారా పెట్టించునట్లు చూడవలెను. ఊరిలో ఎవరి ఇంట ఏ పాత విత్తనము మిగిలి యున్నదో వ్రాసి యుంచి, కావలసినవారికి ఇప్పించవలెను. రకములు, రాయితీలు మొదలగు విషయములు మండల వ్యవసాయాధికారిని అడిగి రైతులకు తెలియజేయుడు. అంగన్‌వాడీలోను, బడి భోజనములోను వారమునకు ఒకనాడు ఉలవ గుగ్గిళ్ళు, కొర్ర పొంగలి పెట్టించుటకు ప్రయత్నింపుడు. పిల్లలు ఇష్టపడిన తిండిని ఇంట్లో ఎవరును చిన్నచూపు చూడరు.

రైతు సోదరులారా, సోదరీమణులారా! ఆదిమానవుని వలె బ్రతుకుటకు అడవికి పోనక్కరలేదు. ఈ నేలపై మొదట నాగరికతను నిలిపిన గింజలు మీ తాతల గాదెలలో నిన్నటి వరకు ఉండెను. కొన్ని ఊళ్ళలో నేటికిని ఉన్నవి. రాబోవు తొలకరికి ఒక అర ఎకరమును వీనికై కేటాయింపుడు. ఇంటిల్లిపాది కూర్చుండి కొర్రన్నము, ఉలవ కూర, ఆకుకూర, పెరుగు తినుడు. మూడు నెలలైన పిమ్మట దగ్గరి ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయించుకొనుడు. ఫలితము మీకే తెలియును. ఆ తరువాత మీ గాదెలోని విత్తనము ఒక శేరు పొరుగువానికి పంచుడు.